అవ్వ గొంతు ఎవరిచ్చారు?

ఆ శనివారం పొద్దున పదకొండు గంటలకు నంద్యాలలోని మా మామ ఇంట్లో ఆరుగురం ఉన్నాం.

ఫ్రాన్సిస్ మామ హాల్లో లుంగీ కట్టుకుని పిల్లల పేపర్లు దిద్దుతున్నాడు. ఆయన మా అమ్మకు అన్న, బడిలో సోషల్ టీచరు. ప్రమీల అత్త వంటింట్లో ఉంది. ఆమెది విజయవాడ. మా ఊరి మాట చెవిన పడితే కంట్లో నలుసు పడినట్టు కళ్లు చిట్లిస్తుంది. వాళ్ల కూతురు సౌజన్య సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని ఫోను చూస్తోంది. నాకంటే నాలుగు నెలలు పెద్దది. తొమ్మిదో తరగతిలో ఇద్దరిదీ ఒకే సెక్షను, ఒకే బెంచీ. నేను గోడ పక్కన చాప మీద ఉన్నాను. శిరివెళ్ల దగ్గరి మా ఊరి బడిలో ఎనిమిది దాకా చదివి, జూన్‌లో ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి నా చోటు అదే. మిగతా ఇద్దరూ అప్పుడే ఆళ్లగడ్డ బస్సు దిగి, కబురైనా చేయకుండా లోపలికి వచ్చారు. ఒకరు మా అమ్మ లూదియా. ఇంకొకరు మా అవ్వ రామసుబ్బమ్మ, అమ్మకూ మామకూ తల్లి.

అవ్వ గడప దాటింది గానీ చెప్పులు విడవలేదు. పోయిన వారం భాగంలో నేను చెప్పడం ఆపింది అక్కడే.

సౌజన్య ఫోనులో పెట్టిన వీడియో సంగతి అవ్వకు తెలియదన్న ధైర్యంతోనే నేను అప్పటికి పదకొండు రోజులుగా అన్నం తింటున్నాను. అది ఎలా పుట్టిందో మళ్లీ ఒకసారి చెబుతాను. చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. అయినా చెబుతాను.

దసరా సెలవులకు ముందు మా తెలుగు టీచరు, యశోద టీచరు, ప్రాజెక్టు పని ఇచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు వాడే మాటలు పాతిక సేకరించి, ఒక పక్క మాండలికం, ఒక పక్క ప్రామాణిక భాష రాసుకుని రమ్మంది. నేను ఊరికి పోయినప్పుడు, అవ్వ తెల్లవారుజామున చేసుకునే ప్రార్థనను అమ్మ ఫోనులో రికార్డు చేశాను. అవ్వ మంచం మీద కూర్చుని, పక్కింటి మనిషిని పిలిచినట్టు దేవుణ్ని పిలుస్తుంది.

"నాయనా యేసయ్యా, యాడుండావప్పా? ఈడ సూడప్పా, ఈడ. పొద్దున్నే నీకు పని శానా ఉంటాదని నాకు తెలుసు. ఒక్క మాట ఇనిపో. నా మనమరాలు నంద్యాలలో సదువుకుంటాండాది. దానికి నోరు లేదప్పా. బంగారట్లాంటి పిల్ల గానీ నలుగురిలో నిలబడితే గొంతు పెగలదు. నువ్వే దానికి నోరియ్యాల. ఇయ్యకపోతే నేను నిన్ను ఇడిసేది ల్యా."

నాకు సొంత ఫోను లేదు. నంద్యాలకు వచ్చాక విని రాసుకోవచ్చని ఆ రికార్డింగును సౌజన్య ఫోనుకు పంపాను. "ఇది నేను వాడుకోనా?" అని అడిగింది. దేనికని నేను అడగలేదు. తల ఊపాను.

వారం తిరిగేలోపు సౌజన్య వాళ్లమ్మ పాత చీర తల మీదికి కప్పుకుని, కళ్లద్దాలు ముక్కు చివర పెట్టుకుని, అవ్వ గొంతుకు పెదవులు ఆడిస్తూ వీడియో పెట్టింది. మధ్యమధ్యలో జనం నవ్వే చప్పుడు కలిపింది. లక్షమందికి పైగా చూశారు. మా క్లాసులో టీచరు రావడం ఆలస్యమైతే చాలు, ఎవరో ఒకరు "యాడుండావప్పా?" అని అరుస్తారు. నేను లోపలికి వస్తే "నోరు లేదప్పా వచ్చింది" అంటారు.

అనేవాళ్లేమైనా పుస్తకంలోంచి పుట్టుకొచ్చారా? కబడ్డీ ఆడేటప్పుడు ఆ మగపిల్లలందరూ "యాడికి పోతాండావ్‌రా, పట్టుకో" అనే అరుస్తారు. అప్పుడు ఎవరికీ నవ్వు రాదు. బెల్లు కొట్టి క్లాసులోకి వచ్చేసరికి అందరి నాలుకలూ టీవీలో వార్తలు చదివేవాళ్లవి అయిపోతాయి. నా పక్క బెంచీ నిలోఫర్ ఒకసారి నాతో అంది: "నేను తప్పు మాట్లాడితే 'ఉర్దూవాళ్లు కదా' అని వదిలేస్తారు. నువ్వు మాట్లాడితే మాత్రం పల్లెటూరిదంటారు. నీకు తప్పించుకునే దారి లేదు కరుణా." ఆ మాట నేను డైరీలో రాసుకున్నాను.

ఇక శనివారానికి వస్తాను.

"కూర్చో అమ్మా. ముందు మంచినీళ్లు తాగు" అన్నాడు మామ, పేపర్లు పక్కకు జరుపుతూ.

"కూచోను. ఈ పిల్లను ఒక మాట అడిగి పోతా." అవ్వ సౌజన్య ముందుకు వెళ్లి నిలబడింది. "పాపా, ఆ ఫోన్‌లో నా మాదిరి ముసుగేసుకోనింది నువ్వే గదా?"

సౌజన్య కాళ్లు దించింది. "నాన్నమ్మా, అది సరదాకి చేశాను. కింద కామెంట్లు చూడాలి నువ్వు! అందరూ నిన్ను క్యూట్‌గా ఉన్నావంటున్నారు."

"ఏందీ?"

"ముద్దొస్తాండావంట" అంది అమ్మ. "అరవై ఎనిమిదేండ్లకు నువ్వు ముద్దొస్తాండావంటమ్మా. సంతోషపడు."

అవ్వ నవ్వలేదు. కొంగుతో మెడ తుడుచుకుని మామ వైపు తిరిగింది.

"నిన్న ఆళ్లగడ్డలో ఆడోళ్ల కూడిక. పాస్టరయ్యగారి భార్య విజయమ్మ నన్ను ప్రార్థన చేయమనింది. లేచి నిలబడితి. 'నాయనా యేసయ్యా, యాడుండావప్పా' అన్నానో లేదో, ఎనక వరసలో పది పన్నెండు మంది ఆడపిల్లోల్లు 'ఈడ సూడప్పా, ఈడ' అనిరి. నాకు ఒళ్లు జల్లుమనె. నేను ఇంట్లో చేసుకునే ప్రార్థన ఈ పిల్లోల్లకు ఎట్ల తెలిసె, దేవుడే వాళ్ల నోట పలికిస్తాండాడు అనుకుంటి. ఇంకా గట్టిగా చేస్తి. నేనొక మాట అంటే వాళ్లొక మాట. కండ్లు మూసుకోనే ఉండా. దేవుడు ఈపొద్దు ఈ ఇంట్లోకి దిగినాడనుకుంటి ఫ్రాన్సిసూ."

కుక్కరు కూత పెడితే, వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న అత్త లోపలికి పోయి పొయ్యి ఆపి వచ్చింది.

"కండ్లు తెరిస్తే గదా. చున్నీలు నోటికడ్డం పెట్టుకోని నగుతాండారు. తర్వాత విజయమ్మే పక్కకు పిలిచి ఫోన్‌లో సూపించె. నా గొంతు. నా మనమరాలి మొగం."

మా చర్చిల్లో ఒకరు ప్రార్థన చేస్తుంటే మిగతావాళ్లు గొంతు కలుపుతారు. కలపడమే భక్తి. అందుకే అవ్వ మోసపోయింది. వెక్కిరింతను చేతులు చాచి అందుకుంది. ఆ కూడికలో నేను లేను. లేకపోయినా అవ్వ మూసుకున్న కళ్లూ, ఇంకా ఇంకా పెరుగుతున్న గొంతూ నాకు కనబడ్డాయి, వినబడ్డాయి. చాప అంచు పుల్ల ఒకటి పీకి ముక్కలు చేశాను. వరసలో కూర్చున్న ఆ పిల్లల పేర్లు నాకు తెలియవు. తెలిస్తే ఏం చేసేదాన్నో కూడా తెలియదు. బహుశా ఏమీ చేసేదాన్ని కాదు. ఆ సంగతి గుర్తుకొచ్చి ఇంకా కోపం వచ్చింది.

"పిల్లలు కదండీ అత్తయ్యగారూ" అంది ప్రమీల అత్త. "తెలిసీ తెలియక చేస్తారు. అయినా ఆళ్లగడ్డలో ఎవరో నవ్వితే మా అమ్మాయిని అంటే ఎలా?"

మామ పెన్ను మూత పెట్టాడు. క్లాసులో అల్లరి చేసిన పిల్లవాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

"అమ్మా, నేను నీకు ఎన్నోసార్లు చెప్పాను. నలుగురిలో నిలబడినప్పుడు బైబిల్లో ఉన్నట్టు ప్రార్థన చెయ్యమని. 'ప్రభువా, నీ సన్నిధికి వచ్చితిమి' అంటే ఎవరైనా నవ్వుతారా? దేవుణ్ని అప్పా, ఒప్పా అంటే నవ్వరా మరి?"

నవ్వినవాళ్లు ఒకరు. మారాల్సింది ఇంకొకరు. మామ కూడా అంతే. బడిలో ఏ టీచరును అడిగినా ఇదే చెబుతారు. 'నువ్వు సరిగ్గా మాట్లాడితే వాళ్లెందుకు నవ్వుతారమ్మా?' అని నాకూ చెప్పారు.

అమ్మ చేతిసంచి కింద పెట్టింది. అమ్మ సంచి కింద పెట్టిందంటే మాట పెరుగుతుందని అర్థం.

"అన్నా, నువ్వు డీఎస్సీ రాసేటప్పుడు మూడు దినాల ముందే ఊరికొచ్చి అమ్మ కాళ్లకాడ కూచుంటివి. 'నువ్వు ప్రార్థన చేస్తేనే నాకు ఉద్యోగమొస్తాదమ్మా' అంటివి. ఆపొద్దు అమ్మ ఏ మాటల్తో చేసింది? బైబిలు సూసి చేసిందా?"

"లూదియా, నువ్వు ఊరుకో."

"ఎందుకూరుకోవాల? నీ బిడ్డ నగినప్పుడు నువ్వూరుకుంటివే. నన్ను మాత్రం ఊరుకోమంటాండావు. మాకు నోరుండేది ఊరుకునేదానికేనా?"

"నాకేం తెలుసు? నేను సూసినానా ఆ వీడియో? నా ఫోన్‌లో యాడుండాది? ఉంటే సూపియ్యి!"

మామ అరిచాడు. అరిచాక తన నోట్లోంచి వచ్చిన మాటలు తనకే వినబడ్డాయి. గబుక్కున అత్త వైపు చూశాడు. అత్త చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నట్టు తల వంచుకుంది. ఇంకెప్పుడైనా అయితే నాకు నవ్వొచ్చేదేమో. ఆ రోజు అసహ్యం వేసింది. పదిహేనేళ్లుగా దాచిపెట్టిన ఊరి మాట ఒక్క కోపానికే బయటపడిందంటే, ఆయన దాన్ని ఎంత అదిమి పెట్టి ఉండాలి. ఎవరికి భయపడి? తన ఇంట్లో, తన తల్లి ముందు.

సౌజన్య ఏడుపు మొదలుపెట్టింది. "తీసేస్తాను, సరేనా? ఇదిగో, తీసేశాను. ఇప్పుడు సోమవారం స్కూల్ డేలో నా ఐటం కూడా పోయింది. అందరికీ సంతోషమేనా?"

"ఏం ఐటం?" అంది అమ్మ.

సౌజన్యే చెప్పింది. సోమవారం సాయంత్రం మా బడి వార్షికోత్సవం. వీడియో చూసి యశోద టీచరే ముచ్చటపడి, అదే వేషం స్టేజి మీద వేయమంది. రికార్డింగు స్పీకర్లలో పెడతారు. తల్లిదండ్రులందరూ వస్తారు.

"అంటే ఫోన్‌లో సాల్లేదు. ఇప్పుడు మైకులో నగాల" అంది అమ్మ.

"అందరూ నన్నే అంటారేంటి?" సౌజన్య ముక్కు తుడుచుకుంటూ లేచింది. "ఆ రికార్డింగు నాకెక్కడిది? నేనేమన్నా ఊరెళ్లి తెచ్చానా? కరుణ ఇచ్చింది. అడిగితే వాడుకోమంది."

అవ్వ నా వైపు చూడనైనా చూడలేదు. "దాన్నెందుకంటావు? అది అట్లాంటి పని సేయదు. నేనెరగనా దాన్ని?"

నేను చెప్పాల్సిన సమయం అదే. 'అవును అవ్వా, నేనే ఇచ్చాను' అంటే సరిపోయేది. మాట గొంతు దాకా వచ్చింది. అవ్వకు నా మీద ఉన్న నమ్మకం ఇంకొక్క నిమిషం ఉండనీ అనిపించింది. ఆ ఒక్క నిమిషం కోసం సౌజన్యను అబద్ధాలకోరును చేసి నిలబెట్టాను. ఇది రాస్తుంటే నా చెంప నేనే కొట్టుకోవాలనిపిస్తోంది.

సౌజన్య మా బల్ల దగ్గరికి పోయి, నా ప్రాజెక్టు పుస్తకం తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. "నేను నవ్వించాను, నిజమే. ఇదేం రాసిందో చదువు అత్తా. నాకంటే మంచిదేమో చూడు."

నీలం అట్ట పుస్తకం. పదికి పది వచ్చింది. కింద యశోద టీచరు 'చక్కని దస్తూరి' అని ఎర్ర ఇంకుతో రాసింది. అవ్వకు చదువు రాదు. "సదువు లూదియా" అంది. అప్పటికీ ఆమె ముఖంలో కొంచెం సంతోషం ఉంది. మనమరాలు రాసిన పుస్తకం కదా.

అమ్మ మొదటి పేజీ తెరిచింది. గడుల పైన ఉన్న మాటలు చదివింది.

"తప్పు." పక్క గడి మీదికి వేలు జరిపింది. "ఒప్పు."

టీచరు చెప్పింది మాండలికం, ప్రామాణికం అని. ఆ పొడుగు మాటలు గడిలో పట్టలేదని, అందుకే పొట్టిగా రాశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. స్కేలుతో గీత గీసి, గడులు కొలిచింది నేనే. చోటు కావలసినంత ఉంది. ఆ రెండు మాటలూ నా చేతికి వాటంతట అవే వచ్చాయి. నాలుగు నెలలు ఆ క్లాసులో కూర్చున్నాక నాకు అవే మాటలు వచ్చాయి.

"యాడ, తప్పు. ఎక్కడ, ఒప్పు" అని అమ్మ చదువుతోంది. "ఈడ, తప్పు. శానా, తప్పు. సూడు, తప్పు. ఇడిసేది ల్యా, తప్పు." "ఇవన్నీ మనింట్లో మాటలే గదే? నేను నీకు పాలిస్తా మాట్లాడిన మాటలు గదే ఇవి?"

"చివరి పేజీ కూడా చదువు" అంది సౌజన్య. ఆమె గొంతులో ఇప్పుడు ఏడుపు లేదు.

చివరి పేజీలో నేను సొంతంగా చేసిన పని ఉంది. ఎవరూ అడగలేదు. ఎక్కువ మార్కుల కోసం చేశాను. 'సరిదిద్దిన ప్రార్థన' అని శీర్షిక. అమ్మ చదివింది.

"ప్రభువైన యేసూ, తమరు ఎక్కడ ఉన్నారు? దయచేసి ఇటువైపు చూడండి. ఉదయమున తమకు అనేక పనులు ఉండునని నాకు తెలియును. నా మనవరాలు నంద్యాల పట్టణములో విద్యనభ్యసించుచున్నది. ఆమెకు మాట్లాడే సామర్థ్యమును దయచేయండి. ఆమెన్."

అవ్వ వింటూనే ఉంది. ఎవరో కొత్త మనిషి గురించి వింటున్నట్టు వింది. చివరికి అడిగింది: "అయిపోయిందా?"

"అయిపోయింది."

"నేను ఇంకొక మాటంటి గదా కడాన. నువ్వియ్యకపోతే నేను నిన్ను ఇడిసేది ల్యా అని. అది యాడికి పోయె?"

అమ్మ పేజీ కింద చూసింది. అక్కడ చిన్న అక్షరాలతో ఉన్నది చదివింది. "చివరి వాక్యము మర్యాదగా లేనందున తొలగించబడినది."

"ఎవురు తీసేసిరి?"

ఈసారి నేను లేచి నిలబడ్డాను. "నేనే అవ్వా. గొంతు ఇచ్చింది కూడా నేనే. సౌజన్య అబద్ధం చెప్పలేదు."

అవ్వ నన్ను తిట్టలేదు. తిడుతుందని ఒళ్లు గట్టి చేసుకుని నిలబడ్డాను. నా దగ్గరికి వచ్చి, నా ముఖాన్ని అంత దగ్గరగా ఎప్పుడూ చూడనట్టు చూసింది.

"మీ తాత మంచాన పడినప్పుడు ఎనిమిది నెలలు ఆ యేసయ్యతో అట్లనే కొట్లాడినా. ఇడిసేది ల్యా, ఇడిసేది ల్యా అని. ఆ ఒక్క మాట పట్టుకోనే బతికినా. అది మర్యాద కాదంటివి. ఆ పిల్ల నా మాదిరి ముసుగేసుకోనింది, పోనీలే. నువ్వు నా మాట తీసేస్తివి."

"మార్కుల కోసం రాశానవ్వా."

"వచ్చినాయా?"

"పదికి పది."

"మంచిది." అవ్వ తల ఊపింది. ఆ 'మంచిది' కంటే అమ్మ చేతి దెబ్బ మేలు.

మామ ఏదో చెప్పబోయాడు. అవ్వ చెయ్యెత్తి ఆపింది. "మీరెవురూ మాట్లాడాకండి. ఇది నాకూ దీనికీ." నా వైపు తిరిగింది. "సోమవారం నేను మీ బడికొస్తా. ఎవురి ఆటా ఆపొద్దు. ఆ పిల్లను ఆడనీ. అది ఆడేదానికి ముందు నువ్వు పైకెక్కు. ఈ గొంతు మా అవ్వది, ఆమెను అడక్కుండా నేనిచ్చినా, ఆమె మాట తప్పని నేనే రాసినా, అని చెప్పు. మూడు మాటలు. నీ బడి మాటల్లో చెప్పినా సరే, మనింటి మాటల్లో చెప్పినా సరే. చెప్తావా?"

స్టేజి, మైకు, ముందు వరసలో టీచర్లు, వెనక మా క్లాసు. 'నోరు లేదప్పా' అని అందరూ ఒక్కసారి అనడం నా చెవుల్లో మోగింది.

"అందరూ నగుతారవ్వా" అన్నాను. నాలుగు నెలల తర్వాత ఆ ఇంట్లో నా నోటి నుంచి వచ్చిన మొదటి ఊరి మాట అది.

"నగనీ. నన్ను సూసి నగినారు. నేను సచ్చినానా?"

నేను నేల వైపు చూశాను.

అవ్వ అప్పుడు చెప్పులు విడిచింది. వరండా పక్కన బియ్యం మూటలూ, నా ట్రంకు పెట్టె ఉండే చిన్న గది ఉంది. నేను పడుకునేది అందులోనే. ఆ గదిలోకి పోయి, తలుపు రెక్క మీద చెయ్యి వేసి, నా వైపు తిరిగి నిలబడింది. నేను వెంట వెళ్లి గడప దగ్గర ఆగాను.

"మల్లా అడుగుతాండా" అంది. "చెప్తావా, చెప్పవా?"

వెనక నుంచి అమ్మా సౌజన్యా చూస్తున్నారు. నేను నోరు తెరిచాను.

"నాతో కాదవ్వా."

అవ్వ నా ముఖం మీదే తలుపు వేసి, లోపల గడియ పెట్టుకుంది.